‘రీఇటరేట్’ అంటే మళ్ళీ చెప్పడమేనా? ఒక మెయిల్ తెచ్చిన తంటా

బెంజి సర్కిల్ అమ్మాయి | విజయవాడ | సోమవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు మాట గురించి అడగాలి. నవ్వకండి.

నేను ఆఫీసులో బిల్లుల పని చూస్తాను. బయటి కంపెనీ ఒకటి మాకు మార్చి నెల ఇన్‌వాయిస్ కాపీలు పంపాలి. రెండుసార్లు మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి కాస్త మంచి ఇంగ్లీషు రాద్దామని ‘ఐ రీఇటరేట్ దట్ ది ఇన్‌వాయిసెస్ ఆర్ పెండింగ్’ అని మొదలుపెట్టాను. పది నిమిషాల్లో ఫోను వచ్చింది, నాకు కాదు, మా టీమ్ లీడర్‌కి. ‘మీ అమ్మాయి మమ్మల్ని గదమాయిస్తోందేంటి?’ అని.

నేను ఎవర్నీ గదమాయించలేదండీ బాబూ. డిక్షనరీలో ‘మళ్ళీ చెప్పు’ అనే ఉంది. రిపీట్ అంటే చిన్నపిల్లల ఇంగ్లీషులా ఉంటుందని ఇది వాడాను. రేపు పొద్దున ఇంకో మెయిల్ పెట్టమన్నారు. టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ?

బిట్ల బాబు | గుంటూరు | 9.52

తప్పేం లేదు. రీఇటరేట్ అంటే రిపీట్. బ్యాంకు పరీక్షకి బ్రాడీపేటలో ఆరు నెలలు కోచింగ్ తీసుకున్నాను, సినానిమ్స్‌లో వచ్చిన ప్రతిసారీ అదే టిక్ పెట్టి మార్కు తెచ్చుకున్నాను. అవతలాయనకి ఇంగ్లీషు రాదు, అంతే.

అరండల్‌పేట మాస్టారు | గుంటూరు | 10.15

బాబూ, నీ మార్కు నీదే, దాన్ని ఎవరూ లాక్కోరు. కానీ బిట్ పేపర్లో పక్కపక్కన కూర్చున్న రెండు మాటలు బయట ఒకే పని చేస్తాయని లేదు.

రిపీట్ దేనికైనా సరిపోతుంది. మందు డోసు రిపీట్ చేస్తాం, తప్పు రిపీట్ చేస్తాం, క్లాసు రిపీట్ చేస్తాం, టీవీలో సీరియల్ రిపీట్ అవుతుంది. రీఇటరేట్ దాదాపుగా మాటలకే. ఒక డిమాండు, ఒక హామీ, ఒక అభిప్రాయం, ఒక హెచ్చరిక, ఇలాంటివాటికి. ‘నిన్నటి ప్రయోగాన్ని రీఇటరేట్ చెయ్యి’ అని పిల్లాడికి చెబితే వాడు నా వంక వింతగా చూస్తాడు.

ఇంకోటి చూడండి. ఈ మాట ఎవరి నోట ఎక్కువ వినిపిస్తుంది? ప్రభుత్వాలు, కోర్టులు, యూనియన్ నాయకులు. ‘మా వైఖరి మారలేదు, ముందు చెప్పినదాని మీదే నిలబడ్డాం’ అనడానికి వాడతారు. అంటే అందులో మళ్ళీ చెప్పడం ఒక పాలే, నొక్కి చెప్పడం ఇంకో పాలు. చదివేవాడికి ‘ముందే చెప్పాను, నువ్వు చెవిన పెట్టలేదు’ అని కూడా వినిపిస్తుంది. ఆ అమ్మాయి రాయకపోయినా వినిపిస్తుంది.

మన ఇళ్ళలోదే చెబుతాను. మా చిన్నప్పుడు అమ్మ మొదటిసారి ‘నాన్నా, అన్నానికి రా’ అనేది. రెండోసారి ‘ఏరా, వస్తున్నావా?’ మూడోసారి ‘మళ్ళీ చెప్తున్నా’. అంతే, ఆ తర్వాత అన్నం సంగతి కూడా ఎత్తేది కాదు. అప్పటికి అట్లకాడ చేతిలో ఉండేది. ఆ మూడో పిలుపు రీఇటరేట్. మొదటి రెండూ రిపీట్.

బెంజి సర్కిల్ అమ్మాయి | 10.21

అయ్యో మాస్టారూ, నేను అట్లకాడ పట్టుకుని మెయిల్ రాశానా?

కృష్ణలంక కుర్రోడు | విజయవాడ | 10.23

మూడోసారికి ఎవరైనా పట్టుకుంటారక్కా.

బిట్ల బాబు | 10.40

మాస్టారూ, ఒక్క మాట. వెబ్‌స్టర్ డిక్షనరీ ఇప్పుడే చూశాను. చెప్పడం ఒక్కటే కాదు, చేయడం కూడా రాశాడు. మీరు మాటలకే అన్నారు.

అరండల్‌పేట మాస్టారు | 10.48

‘దాదాపుగా’ అన్నాను నాయనా, చూడు. డిక్షనరీలో పనులకీ చోటు ఉంది, జనం వాడకంలో మాత్రం మాటలకే. అదే వాక్యం చివరిదాకా చదివావా? ఒక్కోసారి విసుగు పుట్టించేలా అని కూడా ఉంటుంది. మన అమ్మాయికి వచ్చిన ఫోను దాని గురించే.

బిట్ల బాబు | 10.50

ఉంది. ఒప్పుకుంటున్నాను.

లూపులో బతుకు | విజయవాడ | 11.05

సాఫ్ట్‌వేర్ వాడిని. మాకు ‘రీ’ లేని ‘ఇటరేట్’ రోజూ కావాలి. వంద మంది పేర్ల జాబితా ఉంటే ఒక్కో పేరు తీసుకుని అదే పని చేస్తూ పోవడం ఇటరేట్ చేయడం, ఒక్కో చుట్టు ఒక్కో ఇటరేషన్. ఫ్రెషర్లు చాలామంది ‘ఐటరేషన్’ అంటారు. ‘ఐ’ లేదు బాబూ, ‘ఇ’.

నాకో డౌటు ఎప్పటినుంచో. ఇటరేట్‌లోనే మళ్ళీ చేయడం ఉంది, దాని ముందు మళ్ళీ ‘రీ’ ఎందుకు? గేటు తలుపు, లంచ్ భోజనం లాంటిది కాదా?

మాట వెనక మూట | గుంటూరు | 11.30

ఇది నాకు ఇష్టమైన సంగతి, కాస్త పొడుగ్గా రాస్తాను.

లాటిన్‌లో ‘ఇటెరుమ్’ అంటే మళ్ళీ, రెండోసారి అని. దాన్నుంచి ‘ఇటెరారే’, మళ్ళీ చేయడం. దానికి లాటిన్ వాళ్ళే ‘రె’ తగిలించి ‘రెఇటెరారే’ చేసుకున్నారు. అంటే ఈ డబుల్ వేషం ఇంగ్లీషువాళ్ళు వేసింది కాదు, వేసిన వేషంతోనే వాళ్ళ దగ్గరికి వచ్చింది.

అసలు విశేషం ఇంకోటుంది. ఆ ‘ఇటెరుమ్’కి చుట్టం మన దగ్గర ఉంది: సంస్కృతంలో ‘ఇతర’. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. ఒకటి కాక ఇంకోటి, అంటే రెండోది. అక్కడ అది ‘రెండోసారి’గా మారింది, ఇక్కడ ‘వేరే’గా మిగిలింది. మన ‘ఇతర ఖర్చులు’లో ఉన్న ఇతరే వాళ్ళ ఇటరేషన్‌లో ఉన్నది. బిల్లుల మీద ఆ మాట రోజూ చూసే అమ్మాయికి ఇది నచ్చాలి.

ఇక ‘రీ’ దండగా అంటే, మనం చేయట్లేదా? మొదట, మొదట కలిస్తే మొట్టమొదట. చివర, చివర కలిస్తే చిట్టచివర. పగలు, పగలు కలిస్తే పట్టపగలు. బళ్ళో ఆమ్రేడిత సంధి అని చదివాం కదా, రెండుసార్లు పలికిన మాటలో రెండోదాని పేరే ఆమ్రేడితం. ‘మొదట’ అంటే సరిపోయేచోట ‘మొట్టమొదట’ ఎందుకంటాం? గట్టిగా తగలాలని. రీఇటరేట్‌లో ‘రీ’ కూడా అలాంటి ‘ట్ట’నే అనుకోండి.

అరండల్‌పేట మాస్టారు | 11.38

భేష్. ‘రీ అంటే ట్ట’. రేపు క్లాసులో వాడేస్తాను, మీ పేరు చెప్పను.

లెక్కలంటే చక్కెర | గుంటూరు | మంగళవారం ఉదయం 6.10

రాత్రంతా ఇంత జరిగిందా! ఇటరేట్ గురించి మా వైపు నుంచి ఒకటి. రిపీట్ చేస్తే అదే వస్తుంది, ఇటరేట్ చేస్తే దగ్గర పడుతుంది.

కాగితం తీసుకోండి. 2కి వర్గమూలం కావాలి. ఏదో ఒకటి, 1 అనుకుందాం. 2ని ఆ 1తో భాగించి, వచ్చినదాన్ని ఆ 1కే కలిపి సగం చేయండి: 1.5. ఇప్పుడు 1.5తో అదే పని: 1.416667. దానితో మళ్ళీ అదే పని: 1.414216. అసలు విలువ 1.414214. పని మారలేదు, మూడు చుట్లకే ఐదు దశాంశ స్థానాలు కుదిరిపోయాయి. ఎందుకంటే ప్రతిసారీ పోయినసారి వచ్చినదాన్ని పట్టుకుని మొదలుపెట్టాం.

ఎక్కాలు వల్లె వేయడం ఇలాంటిది కాదు. రెండు రెళ్ళు నాలుగని వందసార్లు అన్నా నాలుగే.

లూపులో బతుకు | 7.02

బాగా చెప్పారు సార్. డిజైన్ వాళ్ళు ‘ఇంకో ఇటరేషన్ చేద్దాం’ అంటే కూడా ఇదే. మొన్నటి బొమ్మే మళ్ళీ గీయమని కాదు, దాన్ని సరిచేసి గీయమని. మా క్లయింటు అలా పదకొండు ఇటరేషన్ల తర్వాత ‘మొదటిదే బాగుంది’ అన్నాడు, అది వేరే ఏడుపు.

వేదపండితుల వీధి | విజయవాడ | 7.40

వల్లె వేయడాన్ని మరీ తీసిపారేయకండి. మా తాతగారు సంత చెప్పేవారు, అంటే వేదాన్ని వల్లె వేయిస్తూ నేర్పేవారు. గురువు ఒకసారి, శిష్యులు రెండుసార్లు, మధ్యలో అర్థం అడగడం ఉండదు. అది రిపీటే. కానీ ఆ తర్వాత జట, ఘన అని పదాలని తిప్పి తిప్పి చదివే పద్ధతులు వస్తాయి. జటలో రెండు పదాలు తీసుకుని 1-2, 2-1, 1-2 అని చదువుతారు. ఘనలో మూడో పదం కూడా చేరుతుంది: 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3. ఆ తర్వాత ఒక పదం ముందుకి జరిగి మళ్ళీ ఇదే వరుస. మధ్యలో ఒక్క స్వరం జారినా తిరగేసి చదివేటప్పుడు పట్టుబడిపోతుంది.

లూపులో బతుకు | 7.44

సార్, మేం డేటా చెడిపోకుండా చేసే చెకింగ్ అచ్చం ఇలాగే ఉంటుంది. ఇది కూడా ఇటరేషనే, ఒక్కో అడుగూ ముందుకి జరుగుతోంది కదా.

కృష్ణలంక కుర్రోడు | 8.15

ఇంత పెద్ద చర్చలో అసలు ‘రిపీట్’ని మర్చిపోయారు. బార్‌లో ‘రిపీట్’ అని ఒక్క మాట అంటే ఇందాకటి బ్రాండు, ఇందాకటి సైజు, ఇందాకటి పల్లీలు అన్నీ వచ్చేస్తాయి. కర్త లేదు, కర్మ లేదు, ఇంగ్లీషులో ఇంత పొదుపైన వాక్యం ఇంకోటి చూపించండి. ‘రీఇటరేట్’ అని చూడండి, బిల్లు తెస్తాడు.

గట్టు మీద మోడరేటర్ | 8.30

పొద్దున్నే ఈ ఉదాహరణ అవసరమా తమ్ముడూ? ఉంచుతున్నాను, వ్యాకరణం కోసం మాత్రమే.

తుమ్మలపల్లి వెనక బెంచీ | విజయవాడ | 9.20

మళ్ళీ కావాలని అడిగే మాటల్లో రారాజు ‘వన్స్ మోర్’. కళాక్షేత్రంలో పద్యనాటకం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కృష్ణుడు రాగం తీసి, ఆ చివరి అక్షరం మీద గాలి ఆడకుండా నిలబెట్టి దింపేసరికి వెనక నుంచి ‘వన్స్ మోర్!’ అని కేక. ఎదురుగా ధర్మరాజు అప్పటికే నోరు తెరిచి ఉంటాడు. పాపం, మూసుకుని మళ్ళీ చేతులు కట్టుకోవాలి. హార్మోనియం ఆయన మాత్రం ముందే శ్రుతి పట్టుకుని నవ్వుతుంటాడు, ఆయనకి ఊరు తెలుసు.

తమాషా ఏంటంటే, ఇంగ్లీషువాళ్ళు వన్స్ మోర్ అనరు. ‘ఆన్‌కోర్’ అని ఫ్రెంచి మాటతో అరుస్తారు. పోనీ ఫ్రెంచివాళ్ళు అదే అంటారా అంటే వాళ్ళు ‘బిస్’ అంటారు, అది లాటిన్, రెండుసార్లు అని అర్థం. ఎవరికీ సొంత భాషలో ‘మళ్ళీ పాడు’ అనబుద్ధి కాదు. మా మావయ్య ఒక్కడే ‘ఇంకోసారి తగులుకో నాయనా!’ అనేవాడు, జనం వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

మీ మాటల్లో చెప్పాలంటే వన్స్ మోర్ రిపీటా, ఇటరేటా? రెండోసారి పాడేవాడు ఎప్పుడూ మొదటిసారిలా పాడడు. ఒక సంగతి, అంటే రాగంలో ఇంకో మెలిక, ఎక్కువ వేస్తాడు.

లెక్కలంటే చక్కెర | 9.31

ఇటరేట్. అసలు విలువకి దగ్గరపడుతున్నాడు.

ప్రత్తిపాడు పొలం | గుంటూరు జిల్లా | 11.50

నాటకం అంటే రిహార్సల్ గుర్తొచ్చింది. మా అబ్బాయి బీఏలో చెప్పాడు, విని ఆశ్చర్యపోయాను. ‘రిహార్స్’ అనే మాట పాత ఫ్రెంచిలో గుంటక నుంచి పుట్టిందంట! ‘ఎర్స్’ అంటే పళ్ళ గుంటక, ‘రె’ అంటే మళ్ళీ. దున్నిన చేలో మళ్ళీ గుంటక తోలడం.

అది నిజంగా కరెక్టు మాట. నల్లరేగడిలో ఒక్కసారి తోలితే పైన మట్టి కదులుతుంది కానీ కింద పెళ్ళలు పెళ్ళలుగానే ఉంటాయి. రెండోసారి అడ్డంగా తోలాలి. అప్పుడు పెళ్ళ పగిలి, గడ్డి వేరు పైకొచ్చి ఎండలో చస్తుంది. నిలువుగా తోలిన చాలులోనే మళ్ళీ నిలువుగా తోలితే డీజిల్ దండగ. రిహార్సల్ చేసేవాళ్ళు కూడా అడ్డంగా తోలుతారో లేదో నాకు తెలీదు.

మాట వెనక మూట | 12.05

మీ అబ్బాయి చెప్పింది నిజమే బాబాయ్. ఇంగ్లీషులో శవాన్ని తీసుకెళ్ళే బండి పేరు ‘హర్స్’ కూడా ఆ గుంటక నుంచే. మొదట్లో శవం దగ్గర కొవ్వొత్తులు నిలబెట్టే చట్రం పళ్ళ గుంటకలా ఉండేది, దానికా పేరు పెట్టారు. తర్వాత బండికి పాకింది.

ప్రత్తిపాడు పొలం | 12.20

మధ్యాహ్నం భోజనం ముందు ఇది చెప్పాలా?

రాత్రి డ్యూటీ డెస్కు | విజయవాడ | 2.10

పత్రికలో పని. ఇంగ్లీషు ఏజెన్సీ కాపీలో ‘రీఇటరేటెడ్’ రోజుకి పదిసార్లు వస్తుంది. పాత డెస్కు వాళ్ళ చెయ్యి దానంతటదే ‘పునరుద్ఘాటించారు’ అని కొట్టేస్తుంది. పునః, ఉద్ఘాటించు. ఉద్ఘాటించడమంటే గట్టిగా ప్రకటించడం కాబట్టి మాటకి మాట సరిపోయింది. కానీ ఆ మాట ఇంట్లో అనేవాళ్ళని నేను చూడలేదు. ‘మా ఆవిడ చింతపండు తెమ్మని పునరుద్ఘాటించింది’ అని ఎవరన్నా అంటారా? అందుకే నేను ‘మరోసారి స్పష్టం చేశారు’ అని మారుస్తాను. కొత్త సంగతి ఏమీ లేదని చదివేవాడికి అర్థమైపోతుంది కూడా.

మా డెస్కులో హిందీ బాగా తెలిసినాయన ఒకడున్నాడు. చేరిన కొత్తలో ‘మంత్రి పునరుద్ఘాటించారు’ చూసి, ‘ఒకసారి ప్రారంభించిందే మళ్ళీ ప్రారంభించారా?’ అని అడిగాడు. హిందీలో ‘ఉద్ఘాటన్’ అంటే ప్రారంభోత్సవం. రిబ్బను రెండుసార్లు కత్తిరించారనుకున్నాడు.

కృష్ణలంక కుర్రోడు | 2.14

కొన్నింటికి అదే కరెక్టండీ.

గట్టు మీద మోడరేటర్ | 2.15

రాజకీయాలు వద్దు.

సత్యనారాయణపురం గార్డు | విజయవాడ | 4.45

రైల్వేలో గార్డుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022 నుంచి. మాకు రిపీట్ అనేది విసుగు పని కాదు, ప్రాణం నిలబెట్టే పని. ఇంజన్‌లో లోకో పైలట్ సిగ్నల్ రంగు పైకి చెబితే అసిస్టెంటు అదే తిరిగి చెప్పాలి. గేట్‌మన్ గేటు వేశాక, వేసినట్టు రుజువుగా స్టేషన్ మాస్టరుకి ప్రైవేట్ నంబరు అనే సంకేత సంఖ్య చెబుతాడు. మాస్టరు దాన్ని తిరిగి చెప్పి రిజిస్టర్‌లో రాసుకుంటాడు. తిరిగి చెప్పకపోతే విన్నట్టు కాదు.

పట్టాల మీద రిపీటింగ్ సిగ్నల్ అని కూడా ఉంటుంది, ‘ఆర్’ అక్షరం గుర్తుతో. ముందున్న సిగ్నల్ వంపులోనో వంతెన చాటునో పడి దూరం నుంచి కనపడకపోతే, అది ఏం చూపిస్తుందో దీన్ని చూసి తెలుసుకుంటాం. దీనికి సొంత పెత్తనం లేదు, ముందున్నవాడి మాట మోయడమే పని. మాస్టారు చెప్పింది విన్నాక అనిపించింది, ఇది నికార్సైన రిపీట్. రీఇటరేట్ చేసే సిగ్నల్ ఉంటే డ్రైవరు మీద అరుస్తుంది.

అమ్మాయ్, నీ మెయిల్ సంగతి ఏమైంది? అందరూ ఎవరి పాట వాళ్ళు పాడుకుంటున్నారు.

పాత ఫౌజీ | గుంటూరు | 5.05

గార్డు గారూ, వైర్‌లెస్‌లో సరిగ్గా వినపడకపోతే ‘రిపీట్’ అనకూడదు, ‘సే అగైన్’ అనాలి. బ్రిటిష్, అమెరికా సైన్యాల్లో ఫిరంగుల వాళ్ళకి ‘రిపీట్’ అంటే ఇందాక కాల్చినచోటే మళ్ళీ కాల్చమని ఆర్డరు. మాట కోసం అడిగితే గుండు పడుతుంది.

బెంజి సర్కిల్ అమ్మాయి | రాత్రి 8.30

గార్డు బాబాయ్ గారూ, థాంక్సండీ, మీరొక్కరే అడిగారు.

పొద్దున మాస్టారి పోస్టు నాలుగుసార్లు చదివి, రీఇటరేట్ తీసేశాను. రిపీట్ కూడా పెట్టలేదు. అసలు మళ్ళీ చెబుతున్నానన్న మాటే ఎత్తకుండా రాశాను. మార్చి ఇన్‌వాయిస్ నంబర్లు మూడూ వరసగా పెట్టి, ‘ఈ మూడు కాపీలు అందితే 15లోగా పేమెంట్ చేసేస్తాం, లేకపోతే వచ్చే నెలకి పోతుంది’ అన్నాను. కింద పాత మెయిల్స్ రెండూ అలాగే ఉంచాను. చూసుకునేవాళ్ళు చూసుకుంటారు.

పదకొండింటికి రెండు కాపీలు వచ్చాయి. మూడోది రాలేదు.

అరండల్‌పేట మాస్టారు | 8.41

మంచి పని చేశావు తల్లీ. రీఇటరేట్‌ని దాచిపెట్టు, పోగొట్టుకోకు. మూడో కాపీ నెలాఖరుకి కూడా రాకపోతే అప్పుడు తీద్దువుగాని.

బిట్ల బాబు | 8.44

అట్లకాడ లాగా.

బెంజి సర్కిల్ అమ్మాయి | 8.50

ఇంకో డౌటు. మా టీమ్ లీడర్ ప్రతి మెయిల్‌కీ ‘జెంటిల్ రిమైండర్’ అని సబ్జెక్టు పెడతారు. దానికైతే ఎవరికీ కోపం రాదా? కొత్త పోస్టు పెట్టనా?

గట్టు మీద మోడరేటర్ | 8.58

ఆ ప్రశ్న ఇక్కడ ఇప్పటికే మూడుసార్లు వచ్చిందమ్మా. కొత్తది పెట్టేముందు పాతవి వెతకమని పైన పిన్ చేసి ఉంచాను. మళ్ళీ చెప్తున్నా.